కాంటా కాడ చెప్పిన పాఠం

నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. మిర్యాలగూడ నుంచి రోజూ బస్సులో వచ్చిపోతాను. సీ లాంగ్వేజ్ అయినా, డేటాబేస్ అయినా ఏ పేపర్ అంటగడితే అది చెప్పడమే. మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ ఇష్టపడి తీసుకోని పేపర్ ఒకటుంది, సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్. అందులో ప్రోగ్రామ్ ఉండదు, ల్యాబ్ ఉండదు, అన్నీ నిర్వచనాలే. "థియరీయే గదా మేడం, ఒక్క నైట్‌ల చదివేస్తం" అంటారు పిల్లలు. చదివేవాళ్లు, పాసయ్యేవాళ్లు కూడా. మూడు నెలలు పోయాక అదే పిల్లవాణ్ని పిలిచి "మీ మామ కిరాణా షాపుకు ఖాతాల ప్రోగ్రామ్ చేసివ్వాలంటే ముందుగా ఏం చేస్తవు?" అని అడిగితే "జావా నేర్చుకుంట మేడం" అనేవాడు. షాపుకు పోయి కూర్చుంటానని ఒక్కరూ అనలేదు.

తప్పు వాళ్లది కాదు. నాలుగేళ్లు నేనూ అట్లాగే చెప్పాను. మొదటి రోజు బోర్డు మీద మెట్లుమెట్లుగా ఎస్‌డీఎల్‌సీ, అంటే సిస్టమ్ తయారయ్యే దశల వరుస, గీయడం, ఒక్కో మెట్టుకు ఐదు పాయింట్లు రాయించడం. ఆ మెట్ల బొమ్మకు వాటర్‌ఫాల్ అని పేరు. 1970లో విన్‌స్టన్ రాయిస్ రాసిన ఒక పత్రంలోంచి వచ్చిందని మా నోట్సులన్నీ చెప్తాయి. ఒకసారి ఖాళీగా ఉన్న మధ్యాహ్నం ఆ పత్రం వెతికి చదివితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన ఆ బొమ్మ గీసిన మాట నిజమే. గీసిన వెంటనే, ఇలా పైనుంచి కిందికి ఒక్కసారి దిగిపోతే పని చెడిపోయే ప్రమాదం ఉందని చెప్పి, మిగతా పత్రమంతా వెనక్కి తిరిగి చూసుకోవడం ఎట్లాగో రాశాడు. వాటర్‌ఫాల్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. మేం బొమ్మ ఉంచుకుని హెచ్చరిక పారేశాం.

ఇక ప్రాజెక్టులంటే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. లేకపోతే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. సీనియర్ల ఫైలు తెచ్చి, పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించడం. గడియారం సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో అవి రెడీమేడ్‌గా దొరుకుతాయని తర్వాత తెలిసింది. పిల్లల్లో చాలామంది లైబ్రరీ నుంచి ఒక్క పుస్తకం కూడా తీసుకుపోయి ఎరుగరు. ఎరుగని దాన్ని విశ్లేషించమంటే కాపీ కొట్టక ఏం చేస్తారు?

2024 ఏప్రిల్‌లో, యాసంగి కోతల సమయంలో, వెనక బెంచీ అబ్బాయి ఒకడు తొమ్మిది రోజులు రాలేదు. పదో రోజు నల్లగా మాడి వచ్చాడు. నేను అప్పుడు కాంటెక్స్ట్ డయాగ్రమ్, అంటే మొత్తం వ్యవస్థను మధ్యలో ఒక గుండ్రంగా, బయటివాళ్లను చుట్టూ డబ్బాలుగా చూపే బొమ్మ, చెప్తున్నాను. ఎక్కడికి పోయినవని కొంచెం గట్టిగానే అడిగాను.

"కాంటా కాడ ఉన్న మేడం. సీరియల్ రాలే. రాత్రి కుప్ప కాడ మా నాయిన పండుకుంటె, పొద్దుమాపు నేను."

సీరియల్ అంటే ఏంటో, ఎవరిస్తారో, ఎందుకు రాలేదో చెప్పమన్నాను. నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. టోకెన్, తేమ చూసే మిషన్, గోనె సంచులు, హమాలీలు, లారీ, ట్రక్ షీట్, మిల్లు. మధ్యలో ఒకమ్మాయి లేచి "మా ఊర్ల గట్ల కాదు, ముందు ఏఈఓ సంతకం గావాలె" అంది. ఏఈఓ అంటే వ్యవసాయ విస్తరణ అధికారి. ఇంకొకడు "మాకు సొసైటీ సెంటర్, ఐకేపీ కాదు" అన్నాడు. ఆ క్లాసులో ఇరవై ఇద్దరు పిల్లలుంటే పద్నాలుగు మంది వరి ఇళ్లవాళ్లే. ఆ పేపర్ మొదలైన దగ్గర్నుంచి మొదటిసారి నేను నోరు మూసుకున్నాను, వాళ్లు మాట్లాడారు. బోర్డు మధ్యలో ఒక గుండ్రం గీసి "కొనుగోలు కేంద్రం" అని రాశాను. చుట్టూ డబ్బాలు: రైతు, మిల్లు, పౌరసరఫరాల శాఖ, బ్యాంకు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆ వారమే, నల్గొండకు పదిహేను కిలోమీటర్ల లోపున్న ఒక ఊరి కేంద్రానికి ఎనిమిది మందిని తీసుకుపోయాను. మహిళా సంఘం వాళ్లు నడిపే ఐకేపీ కేంద్రం అది. ఊరి పేరు రాయను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మొదటి పూట మొత్తం వృథా. పిల్లలు క్లాసులో ప్రశ్నావళి తయారు చేసుకొచ్చారు, ఇంగ్లీషులో. ఫ్యాక్ట్ ఫైండింగ్ టెక్నిక్స్ అని నేను రాయించినవి నాలుగు: ఇంటర్వ్యూ, ప్రశ్నావళి, పరిశీలన, రికార్డులు చూడటం. అందులో ప్రశ్నావళి ఎంచుకున్నారు, ఎందుకంటే దానికి జనంతో మాట్లాడక్కర్లేదు. "ప్రస్తుత విధానంలో మీకేమైనా ఇబ్బందులు ఉన్నాయా?" అన్నది మొదటి ప్రశ్న. కుప్పకు కుప్పకు తిరిగి అదే అడిగారు. అందరూ "ఏం లేవు" అన్నారు. పెన్నూ కాగితం పట్టుకుని ఎవరో వస్తే ఏ రైతు ఇబ్బంది చెప్తాడు? సర్వే వాళ్లనుకున్నారు. ఒక ముసలాయన మాత్రం "ఏం జేస్తరు బిడ్డా గిదంత రాసుకొని?" అని అడిగాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

మధ్యాహ్నానికి పిల్లలు ఎండకు తాళలేక ఎవరికి దొరికిన నీడలో వాళ్లు కూలబడ్డారు. మా వెనక బెంచీ అబ్బాయి ఆ ముసలాయన పక్కనే, టార్పాలిన్ మడత మీద కూర్చున్నాడు. కాగితం లోపల పెట్టేసి "ఎన్నడొచ్చినవు తాతా?" అన్నాడు. అంతే. వచ్చిన రోజు, ఆరబోసిన రోజు, మబ్బు పట్టి మళ్లీ కుప్ప చేసిన రాత్రి, తేమ పద్దెనిమిది వచ్చిందని వెనక్కి పంపిన పొద్దు, సంచులు అయిపోయిన రెండు రోజులు, అన్నీ వరుసగా వచ్చాయి. ఆ అబ్బాయి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. సాయంత్రం బస్సులో కూర్చుని మొత్తం అప్పజెప్పాడు. అప్పట్నుంచి నేను ఇంటర్వ్యూ పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను. ఇబ్బందేంటని అడగొద్దు, నిన్న ఏం జరిగిందో అడగమంటాను.

వెనక్కి వచ్చాక డీఎఫ్‌డీలు, అంటే సమాచారం నడిచే తీరు చూపే డేటా ఫ్లో డయాగ్రమ్‌లు, గీయమన్నాను. ఈ బొమ్మల్ని 1978లో టామ్ డిమార్కో గుండ్రాలతో, ఆ మరుసటేడు గేన్, సార్సన్ అనే ఇద్దరు మూలలు తిప్పిన డబ్బాలతో ప్రచారంలోకి తెచ్చారు. ఏ గుర్తులు వాడినా విషయం ఒకటే: సమాచారం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో మారింది, ఎక్కడ నిలవ ఉంది, ఎవరికి చేరింది. వినడానికి ఇంత సులువు. పిల్లలు గీసుకొచ్చినవి చూస్తే ఎనిమిదింటికి ఎనిమిదీ తప్పు. ఆ తప్పుల గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ పేపర్ చెప్పే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యేవి ఇవే.

అందరూ బాణాల మీద వడ్లను నడిపించారు. రైతు నుంచి కాంటాకు వడ్లు, కాంటా నుంచి లారీకి వడ్లు, లారీ నుంచి మిల్లుకు వడ్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఒకరైతే లారీ బొమ్మ కూడా వేశారు. అయితే వడ్లు ఈ బాణాల మీద పోవు, వడ్ల లెక్క పోతుంది. లారీ ఎక్కింది బస్తాలు కావచ్చు, మనకు కావాల్సింది డ్రైవర్ జేబులోని ట్రక్ షీట్, లోడు లెక్క రాసిన కాగితం. ఇది అర్థం కావడానికి ఒక గంట పట్టింది. చివరికి ఒకమ్మాయి "అంటే మేడం, కాయితం పోయే తొవ్వ గీయాలె, బండి పోయే తొవ్వ కాదు" అంది. నాలుగేళ్లలో నేను చెప్పలేకపోయిన మాట అది. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ ఆమె మాటే చెప్తున్నా. ఫోన్‌లో చెప్పినా, ట్యాబ్‌లో కొట్టినా, నోటితో అరిచినా అదీ కాగితం కిందే లెక్క అని మాత్రం కలుపుతాను.

ఇంకోటి, డీఎఫ్‌డీని ఫ్లోచార్ట్ లాగా గీయడం. ముందు ఇది, తర్వాత అది, తేమ ఎక్కువైతే డైమండ్ గీసి వెనక్కి. డీఎఫ్‌డీలో ముందూ వెనకా ఉండదు, అవును-కాదు ఉండదు. ఆ అవును-కాదులకు వేరే చోటుంది, ఏ షరతుకు ఏ పనో రాసుకునే డెసిషన్ టేబుల్. ఈ పాఠం చెప్పినంత హాయిగా నేను మరేదీ చెప్పలేదు, ఎందుకంటే టేబుల్ అప్పటికే కేంద్రం ఇన్‌ఛార్జి అక్క నోట్లో ఉంది. "తేమ పదిహేడు దాటితె ఆరబోయమంట. తాలుంటె జాలి పట్టమంట. సంచుల్లేకుంటె ఆగమంట. అన్నుంటె కాంటా." మూడు షరతులు, ఒక్కోదానికి రెండు జవాబులు, అంటే ఎనిమిది నిలువు వరుసలు రావాలి. పిల్లలు నాలుగే రాశారు. మిగతా నాలుగు ఏవని వెతికించాను. తేమే ఎక్కువ ఉంటే తాలు ఉందా, సంచులు ఉన్నాయా అన్నదాంతో పనిలేదు, నాలుగు వరుసలూ ఒకటైపోతాయి. తేమ సరిపోయి తాలు ఉంటే సంచులతో పనిలేదు, రెండు ఒకటవుతాయి. మొత్తం ఎనిమిదీ నాలుగుకు కుదించుకుపోయాయి. అంటే వాళ్లు ముందే సరిగ్గా రాశారన్నమాట, ఎందుకు సరైనదో తెలియకుండా. అక్క అయితే ఎనిమిది అన్న సంగతే ఎప్పుడూ అనుకోలేదు.

డిజైన్‌కు వచ్చేసరికి అసలు మజా మొదలైంది. టేబుళ్లు, ఫీల్డులు, టైపులు. భూమి విస్తీర్ణం అన్న ఫీల్డుకు అందరూ డెసిమల్ పెట్టారు. పాసుబుక్‌లో 2.35 అని ఉంటుంది గదా, దశాంశమే గదా అని. నేనూ మొదట చూసి టిక్కు పెట్టాను, ఒప్పుకుంటున్నా. అది రెండెకరాల ముప్పై ఐదు గుంటలు. ఎకరానికి నలభై గుంటలు. 2.35కు 1.20 కలిపితే కంప్యూటర్ 3.55 అంటుంది. నల్గొండ జిల్లాలో ఎవర్నడిగినా నాలుగెకరాల పదిహేను గుంటలు అంటారు. ఇంకా ఘోరం ఏంటంటే, 1.20ని నంబరుగా దాస్తే చివరి సున్నా ఎగిరిపోయి 1.2 అని కనబడుతుంది. ఎకరం ఇరవై గుంటల రైతు ఎకరం రెండు గుంటల రైతు అయిపోతాడు. ఎకరాలు ఒక ఫీల్డు, గుంటలు ఇంకో ఫీల్డు. లేదా మొత్తం గుంటల్లోనే దాచుకుని చూపించేటప్పుడు విడదీయాలి. ఇది పట్టుకున్నది నేను కాదు, పట్వారీల కుటుంబం నుంచి వచ్చిన ఒకమ్మాయి.

సర్వే నంబరుదీ అదే కథ. పేరులోనే నంబరు ఉంది కాబట్టి పూర్ణ సంఖ్య మాత్రమే పట్టే ఇంటీజర్ టైపు పెట్టారు. 145/అ/2 అని ఎంటర్ చేయబోతే తెలిసింది. పైగా ఒక పాసుబుక్‌లో ఐదారు సర్వే నంబర్లుంటాయి. వాటన్నిటినీ ఒకే గడిలో కామాలు పెట్టి ఇరికించారు. 1970లో కాడ్ అనే ఆయన రిలేషనల్ పద్ధతి పెట్టినప్పుడు ఒక గడిలో ఒకే విలువ ఉండాలన్నాడు, దాన్నే ఫస్ట్ నార్మల్ ఫామ్ అంటాం అని నేను ఏటా రాయిస్తాను. పిల్లలూ ఏటా రాస్తారు. "145/అ/2లో పండిన వడ్లెన్ని?" అని అడిగి, ఆ కామాల మధ్యలోంచి జవాబు తీయమన్నప్పుడు మాత్రమే ఆ రాతకు అర్థం వచ్చింది.

వీటన్నింటికంటే పెద్ద చిక్కు ఒక్క పదం దగ్గర వచ్చింది. రైతు. ఈఆర్ డయాగ్రమ్‌లో, అంటే దేనికి దేనితో ఏ సంబంధమో చూపే బొమ్మలో, రైతు ఒక డబ్బా, పాసుబుక్ ఒక డబ్బా, మధ్యలో ఒకటికి ఒకటి అని గీశారు. ఆ కేంద్రంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె సొంత రెండెకరాలు చనిపోయిన భర్త పేరు మీదే ఉన్నాయి. ఇంకో నాలుగెకరాలు కౌలు. పట్టాదారు హైదరాబాదులో ఉంటాడు. "పట్టా ఆయినది. పైసలు ఆయిన ఖాతల వడ్డంక నాకిస్తడు" అంది. మరి మీ బొమ్మలో ఈమె ఎక్కడ? దున్నింది ఈమె, కుప్ప కాడ కూర్చుంది ఈమె, మన సిస్టమ్‌లో మాత్రం ఈమె లేదు. పిల్లలు రెండు రోజులు కొట్టుకున్నారు. చివరికి మనిషి వేరు, హక్కుదారు వేరు, పంట తెచ్చినవాళ్లు వేరు అని మూడుగా విడగొట్టారు. 1976లో పీటర్ చెన్ అనే ఆయన ఈ డబ్బాలూ డైమండ్లూ ప్రతిపాదించినప్పుడు కౌలు రైతు ఆయన మనసులో ఉండి ఉండడు, అయినా ఆ పద్ధతి ఆమెకు చోటిచ్చింది. ఈఆర్ మోడల్ మీద నాకు గౌరవం పుట్టింది ఆ రోజే.

ఇప్పుడు ఊరి పేరు ఎందుకు రాయనన్నానో చెప్పే చోటు వచ్చింది.

డీఎఫ్‌డీకి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఏ పనికైనా లోపలికి ఏదో రావాలి, బయటికి ఏదో పోవాలి. వచ్చేదే తప్ప పోయేది లేకపోతే బ్లాక్ హోల్ అంటారు. రాకుండానే పోతుంటే మిరకిల్. మూడోది గ్రే హోల్. లోపలికి వచ్చిన సమాచారంతో బయటికి పోయేది తయారు కాదు, అయినా పోతుంటుంది. ఈ మూడోదాన్ని పరీక్షలో ఒక మార్కు బిట్‌గా తప్ప నేను ఎన్నడూ పట్టించుకోలేదు.

ఒక గ్రూపు వాళ్లు "చెల్లింపు బరువు తేల్చు" అని ఒక గుండ్రం గీశారు. లోపలికి వచ్చేది ఒకటే, కాంటా రసీదు: 85 బస్తాలు, బస్తాకు 40 కిలోలు. అంటే 34 క్వింటాళ్లు. బయటికి పోయేది బ్యాంకు ఖాతాలో పడాల్సిన మొత్తం. ఆ సీజన్‌లో గ్రేడ్-ఏ వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,203 రూపాయలు. లెక్క ప్రకారం 74,902 రావాలి. వాళ్లు ఉదాహరణగా తెచ్చిన ఒక నిజం రైతు చెల్లింపు కాగితంలో బరువు 33 క్వింటాళ్ల 15 కిలోలు ఉంది. నేను ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి "గ్రే హోల్, గుణకారం సరిచూసుకోండి" అని రాసి తిప్పి పంపాను.

మర్నాడు వాళ్లు మళ్లీ వచ్చారు. "గుణకారం కరెక్టే మేడం. బస్తాకు కిలో పోయింది."

ఎక్కడ పోయింది? మా బొమ్మలో ఎక్కడా లేదు. రసీదులో లేదు, ట్రక్ షీట్‌లో లేదు. ఇద్దరు పిల్లలు మళ్లీ కేంద్రానికి పోయి రోజంతా ఇన్‌ఛార్జి అక్క పక్కన ఊరికే కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది. మిల్లు నుంచి. వడ్లలో తాలుంది, బస్తాకు కిలో కట్ చేస్తాం, లేదంటే లారీ దించం. అక్క ఎవరికో ఫోన్ చేసింది, ఇంకెవరో రైతుకు చెప్పారు, రైతు తలూపాడు. లారీ దిగకపోతే రేపు ఇంకో లారీ రాదు, మిగతా కుప్పలు ఆగిపోతాయి. ఇదంతా పది నిమిషాల్లో, నోటి మాట మీద. ఆ 85 కిలోల ఖరీదు 1,872 రూపాయల చిల్లర.

తరుగు సంగతి మా ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఒక కాగితం మీద గీసిన బాణాలు లెక్క తప్పిందని ముందు చెప్పడం, పిల్లలు పోయి చూస్తే అక్కడ నిజంగానే ఒక కాగితం లేని పని దొరకడం మాత్రం నాకు కొత్త. తప్పు బొమ్మలో ఉందనుకున్నాను. బొమ్మ సరిగ్గానే ఉంది. ఆ గుండ్రంలోకి ఇంకో బాణం గీసి దాని మీద "ఫోన్ మాట" అని రాయించాను. ఆ బాణానికి ఏ డేటా స్టోరూ లేదు. అది ఎక్కడా నిలవ ఉండదు.

డిమార్కో చెప్పిన నాలుగు బొమ్మల వరుస కూడా నాకు అప్పుడే తలకెక్కింది. ఉన్నది ఉన్నట్టు, దాని సారం, రావాల్సిన దాని సారం, రావాల్సినది ఎట్లా చేయాలో. కరెంట్ ఫిజికల్, కరెంట్ లాజికల్, న్యూ లాజికల్, న్యూ ఫిజికల్ అని గడగడా చదివించేదాన్ని. మొదటి బొమ్మ నిజాయితీగా గీయకపోతే మిగతా మూడూ గాల్లో మేడలే. జిరాక్స్ షాపు ప్రాజెక్టుల్లో ఆ మొదటి బొమ్మే ఉండదు.

సరే, ఇక పరిష్కారం అంటూ ఏదో ఒకటి చేయాలి గదా. పిల్లలంతా ఒక్క గొంతుతో ఆండ్రాయిడ్ యాప్ అన్నారు. రైతు ఫోన్‌లో టోకెన్ స్థితి, లారీ స్థితి. అక్కకు చూపించారు. ఆమె పాపం పొద్దంతా ట్యాబ్‌లో వివరాలు కొడుతూనే ఉంటుంది. "నాకింకో ఫోన్ పని వెట్టకుండ్రి నాయినా, మీకు దండం వెడత" అంది. కుప్పల దగ్గరున్న వాళ్లలో సగానికి పైగా బటన్ ఫోన్లవాళ్లు. ఫీజిబిలిటీ అంటే టెక్నికల్, ఎకనామిక్, ఆపరేషనల్ అని రాయిస్తాం. యాప్ చేయొచ్చు, ఖర్చు కూడా లేదు, వాడేవాళ్లే లేరు.

మరి నీకేం కావాలక్కా అని అడిగితే, రోజుకు యాభైసార్లు "నా నంబరెప్పుడు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక చస్తున్నానంది. సరే. పాత ప్లైవుడ్ ముక్క ఒకటి తెచ్చి, నల్ల పెయింటు పూసి, గళ్లు కొట్టారు. ఒక గడిలో ఈ రోజు కాంటా అయ్యే టోకెన్ నంబర్లు. ఇంకోదాంట్లో సంచులు ఉన్నాయా లేవా. మూడోది లారీ వచ్చిందా, పోయిందా, ఎప్పుడొస్తది. దీన్ని అవుట్‌పుట్ డిజైన్ అంటారని చెప్తే పిల్లలు నమ్మలేదు. అక్షరం ఎంత పెద్దగా ఉంటే చివరి కుప్ప నుంచి కనబడుతుందో అడుగులు కొలిచి చూశారు. చదువురాని వాళ్లకు సంచి బొమ్మ, లారీ బొమ్మ వేశారు. మొదట వడ్లు మోసిన లారీ బొమ్మ వేసిన పిల్లవాడికి ఆ పని అప్పజెప్పాను.

మూడు రోజులు అద్భుతంగా నడిచింది. "నా నంబరెప్పుడు" అని అడిగేవాళ్లు బాగా తగ్గారని అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది. నాలుగో రోజు బోర్డు మీద 61 తర్వాత 62 ఉండగా, కాంటా మీదికి 94 వచ్చింది. అంతకుముందు కూడా అట్లా వచ్చేవేమో, ఎవరికీ కనబడేది కాదు. ఈసారి అందరికీ కనబడింది. 62వ నంబరాయన అడిగాడు, మాటా మాటా పెరిగింది, 94 తాలూకు మనిషి బోర్డును పెరికి గోడ వైపు తిప్పి పెట్టాడు.

మేం పోయేసరికి అది అట్లాగే ఉంది. పిల్లలకు కోపం, నాకు భయం. అక్క ఏం మాట్లాడలేదు, మాకు చాయ్ తెప్పించింది. ఆమె ఆ ఊళ్లోనే బతకాలి, మేం సాయంత్రం బస్సుకు పోతాం.

ఆ ఏడాది వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది. మా పిల్లల డిజైన్‌లో వడ్ల రకం అన్న ఫీల్డే లేదు. తర్వాతి బ్యాచ్‌కు ఆ పాత ఫైలే ఇచ్చి, ఎక్కడెక్కడ మార్చాలో చూడమన్నాను. మెయింటెనెన్స్ పాఠం అట్లా ఒక్క పీరియడ్‌లో అయిపోయింది. డెసిషన్ టేబుల్‌కు నాలుగో షరతు చేరి ఎనిమిది వరుసలు పదహారయ్యాయి, కుదిస్తే ఐదే మిగిలాయి, ఎందుకంటే రకం ఏదైనా తేమ తేమే. గింజ సన్నమో దొడ్డో కొలిచే పరికరం నుంచి కొత్త బాణం ఒకటి వచ్చింది. అన్నీ గీశారు గానీ "ఫోన్ మాట" బాణాన్ని అట్లాగే ఉంచేశారు. పోయి చూసొచ్చారట, ఇంకా ఉందట.

మొదటి బ్యాచ్ వైవా రోజు సంగతి చెప్పాలి. రిపోర్టు రాసేటప్పుడు మా వెనక బెంచీ అబ్బాయి వచ్చి "మేడం, బోర్డు తిప్పిపెట్టింది ఏ హెడ్డింగ్ కింద రాయాలె?" అని అడిగాడు. కాసేపు ఆలోచించి ఆపరేషనల్ ఫీజిబిలిటీ అన్నాను. పేజీన్నర రాశాడు, ఎవరి పేరూ లేకుండా, ఎంత జరిగిందో అంత. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ పేజీ తిప్పేసి, ఎస్‌డీఎల్‌సీలో ఫేజులెన్నని అడిగారు. వాడు చెప్పాడు. పాసయ్యాడు.

సీజన్ ఆఖర్లో నేనొక్కదాన్నే ఒకసారి ఆ కేంద్రం మీదుగా పోతూ దిగాను. బోర్డు మళ్లీ ఇటు తిరిగి ఉంది. సంచులు ఉన్నాయి, లారీ రేపు పొద్దున అని అక్క చేతిరాత. టోకెన్ల గడి ఖాళీ.